కుడిచేతి బ్రేకు

నేను పనిచేసిన యూనివర్సిటీ వర్క్‌షాపులో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు లాలాపేటలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని జాబ్ ఏది?" అని అడుగుతారు. వాళ్ల కోసం నా దగ్గర రెండు మూడు కథలు తయారుగా ఉంటాయి. పరీక్షల ముందు రోజు ఆగిపోయిన ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ల పంపును నేను నడిపించిన కథ ఒకటి. అరిగిపోయిన గేరు పళ్లను ఆకురాయి పట్టి చేత్తో రాకి సరిచేసిన కథ ఇంకొకటి. ఆ కథల్లో నేను చాలా గొప్పవాణ్ణి. మా ఆవిడ వాటిని ఎన్నిసార్లు విన్నదో, నేను గొంతు సవరించుకోగానే వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఇప్పుడు రాస్తున్నది వాళ్లెవరికీ చెప్పనిది. ఇది నేను చెడగొట్టిన పని. చెడగొట్టి, ఏడేళ్లు నోరు మెదపకుండా కూర్చున్న పని. పాత వస్తువులు బాగుచేసే పిచ్చి మీలో ఎవరికైనా ఉంటే కొంచెం నిదానంగా చదవండి.

యూనివర్సిటీ వర్క్‌షాపులో నేను ఫిట్టరుగా చేరాను, ముప్పై మూడేళ్ల తర్వాత సీనియర్ టెక్నీషియన్‌గా బయటికి వచ్చాను. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ డిపార్ట్‌మెంట్ నుంచి ఏ వస్తువు వచ్చినా ముందు జాబ్ కార్డు రాయాలి. వచ్చినప్పుడు ఎలా ఉంది, ఏం విప్పాం, ఏం మార్చాం, అన్నీ రాయాలి. తీసుకెళ్లే మనిషికి చదివి వినిపించి సంతకం పెట్టించుకోవాలి. ఒక్క బోల్టు మార్చినా సరే. శిక్షణకు వచ్చిన పిల్లలతో నేను రోజూ పోట్లాడింది దీని గురించే. "చెప్పకుండ మార్చినవంటే నువ్వు బాగుచేసినట్టు కాదు, దొంగతనం చేసినట్టు" అనేవాణ్ణి. అలా అనడంలో నాకొక ఆనందం ఉండేది, దాచుకోవడం ఎందుకు.

చేరిన అయిదో ఏట, ఒక ఎండాకాలం పొద్దున, జియాలజీలో పాఠాలు చెప్పే మేడం ఒకరు సైకిలు నడిపించుకుంటూ మా షెడ్డులోకి వచ్చారు. కోస్తా జిల్లా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం వాళ్లది. కాటన్ పంజాబీ డ్రెస్సు, కాళ్లకు మగవాళ్ల బూట్లు, భుజానికి సుత్తి పెట్టుకునే సంచి. అటెండర్లు వెనకాల 'రాళ్ల మేడం' అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అదేదో బిరుదు అన్నట్టు ఉండేవారు.

నిజం చెప్పాలంటే ఆ రోజు నేను ఆమెను సరిగ్గా చూడలేదు, సైకిలునే చూశాను. అలాంటిది అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. సన్నని ఉక్కు గొట్టాల ఫ్రేము, బొటనవేలంత గుబ్బలున్న లావాటి టైర్లు, అడ్డంగా తిన్నగా ఒకటే హ్యాండిల్, దాని మీద బొటనవేళ్లతో తోసే గేరు మీటలు. నేరేడు పండు రంగు. ఎక్కడా మడ్‌గార్డు లేదు, గంట లేదు, వెనక క్యారియర్ లేదు.

"ఇదేంది మేడం, సైకిలేనా?" అన్నాను.

"మౌంటెన్ బైకండీ, కొండలెక్కే సైకిలు. మా డిపార్ట్‌మెంటుకి పరిశోధనకని వచ్చిన విదేశీ ఆయన వెళ్తూ వెళ్తూ నాకిచ్చేశాడు. గేరు పడట్లేదు. మీరు చూడగలరా?"

"చూడొచ్చు గానీ, ఇది డిపార్ట్‌మెంట్ వస్తువు కాదు గద మేడం. కార్డు ఏమని రాయాలె?"

"అయితే ఆదివారం చూడండి. ఆదివారాలకి మీ కార్డులు ఉండవు కదా," అన్నారామె నవ్వుతూ.

ఆదివారం చూశాను. ఆ ఒక్క ఆదివారంతో అయిపోతుందనుకున్నాను గానీ అది ఇరవై అయిదేళ్లు నడిచింది.

గేరు సరిచేశాక పరీక్షకని షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిప్పాను. కుడిచేతి బ్రేకు నొక్కితే వెనక చక్రం ఆగింది. ఎడమది నొక్కితే ముందుది. మనకు సైకిలు గానీ, స్కూటరు గానీ, మోటార్ సైకిలు గానీ, కుడిచేతిది ముందు చక్రానికే కదా. ఇది ఉల్టా. ఆ దేశం వాళ్లది అంతే కాబోలు అనుకున్నాను. మేడంతో ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ ఉల్టా బ్రేకు నాకు కంట్లో నలుసులా ఉండిపోయింది. ఎప్పుడు ఆ సైకిలు నా బల్ల మీదికి వచ్చినా, దీన్ని ఒకరోజు సరిచెయ్యాలి అని చెయ్యి దురద పెట్టేది.

ఆమెకు అది ఉల్టా అని కూడా తెలియదు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో అద్దె సైకిలు మీద నేర్చుకున్నారట. "మా అద్దె సైకిళ్లకి బ్రేకులెక్కడివండీ? ఎదురుగా గోడ వస్తే కాలు పెట్టి ఆపడమే," అనేవారు. స్కూటరు ఆమె ఎప్పుడూ ముట్టలేదు, కారు నడిపేవారు. అందుకని బ్రేకు అంటే ఆమె చేతులకు తెలిసింది ఆ సైకిలు నేర్పిందే.

పాత మౌంటెన్ బైకుల పిచ్చి నాకు అంటించింది ఆమే. హాస్టళ్ల వెనక పిల్లలు వదిలేసి పోయినవి, ముషీరాబాద్‌లో పాత ఇనుము కొట్లలో మంచాల కింద, తుక్కు కూలర్ల మధ్య నుజ్జయినవి వెతికి తెచ్చేవాళ్లం. ఆదివారం పొద్దున్నే బయల్దేరేవాళ్లం, ఆమె తన సైకిలు మీద, నేను అప్పటికి ఏది నడుస్తుంటే దాని మీద. ఏదైనా కొత్త ఫ్రేము దొరికితే ఆమె ముందు గోటితో రంగు గీకి చూసేవారు.

"చూడండి గురువుగారూ, పైన గోడలకి వేసే వెండి రంగు. దాని కింద ఎర్రది, అది ఎవడో రెండో యజమాని. అడుగున అసలు రంగు, ఆకుపచ్చ. పొరలు చదవడమే కదా నా ఉద్యోగం." నన్ను గురువుగారూ అనే పిలిచేవారు, సగం మర్యాద, సగం వేళాకోళం.

"అన్ని గీకేసి కొత్త పెయింటు కొడ్త మేడం. అద్దం లెక్క అయితది."

"అద్దం నాకు ఇంట్లో ఉందండీ. దీనికి అసలు రంగు ఎంత మిగిలితే అంతే ఉంచండి. లేనిచోట లేనట్టే ఉండనివ్వండి."

మొదట్లో నాకు ఒళ్లు మండేది. వర్క్‌షాపు మనిషికి తుప్పు మరక కనిపిస్తే నిద్ర పట్టదు. మెల్లగా అలవాటైంది. తుప్పును కిరోసిన్‌తో, రాగి తీగ పీచుతో, రంగు పోకుండా తీయడం నేర్చుకున్నాను. మార్చిన ప్రతి పాత ముక్కనూ పారెయ్యకుండా సంచిలో కట్టి పెట్టడం నేర్చుకున్నాను. పదకొండు సైకిళ్లు బతికించాం. అవన్నీ మా మేడ మీద రేకుల కింద ఉండేవి. "ఇది ఇల్లు కాదు, సైకిళ్ల హాస్టల్" అనేది మా ఆవిడ. అని ఊరుకోలేదు, ఒకరోజు అన్నం పెడుతూ సూటిగానే అడిగింది.

"ఆ మేడమంటే నీకు ఇష్టమా?"

"ఇష్టమే," అన్నాను.

"ఎట్ల ఇష్టం?"

 క్యాంపస్ వెనక బండల మధ్య కాలిబాటలో ఆమె ముందు, నేను వెనక వెళ్తుంటే, సీతాఫలం పొదల్లోంచి పిట్టలు లేస్తుంటే, ఇద్దరం అరగంట సేపు ఒక్క మాట మాట్లాడుకోకపోయినా నాకు ఏ లోటూ అనిపించేది కాదు. అది చెప్పాను. మా ఆవిడ కూర వడ్డించి, "సరే తిను, చల్లారుతున్నది," అంది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. మేడం ఇంటికొస్తే సర్వపిండి చేసి పెట్టేది.

ఏడేళ్ల కిందట మేడంకు రిటైర్మెంట్ దగ్గర పడింది. అందరూ దిగులుపడే సమయంలో ఆమె ఒక నోటుబుక్కు పట్టుకుని వచ్చారు. అందులో నలభై మూడు బండల పేర్లు. మౌలాలి అవతలివి, ఘట్‌కేసర్ దారిలోవి, కీసర వైపువి. ఒకదాని మీద ఒకటి నిలబడ్డవి, గొడుగు పట్టినట్టున్నవి, రెండు ముక్కలై మధ్యలో చెట్టు మొలిచినవి.

"ఇవన్నీ పేల్చేస్తున్నారు గురువుగారూ. ప్లాట్లు వేస్తున్నారు. కొలతలు తియ్యాలి, బొమ్మ గియ్యాలి, ఫొటో తియ్యాలి. కారు వెళ్లే దారులు కావవి. నా సైకిలు వెళ్తుంది. రిటైరైన మర్నాటి నుంచి వారానికి ఒకటి. మీరు దీన్ని ఒళ్లంతా బాగుచేసి ఇవ్వాలి."

"ఎప్పటికి గావాలె?"

"చివరి రోజుకి. ఏటా కొత్త పిల్లల్ని క్యాంపస్ వెనక గుట్టకి తీసుకెళ్తాను కదా. ఈ ఏడు చివరి రోజున తీసుకెళ్తా. అక్కడికి దీని మీదే రావాలి."

నేను ఉద్యోగంలో చేసిన ఏ పనీ అంత మనసు పెట్టి చెయ్యలేదు. విప్పదగ్గవన్నీ విప్పాను. బేరింగు గోళీలు కొత్తవి, గొలుసు కొత్తది. పెడల్ ఇరుసు అరిగిపోతే, మా షాపులో ఇనుము చెక్కే లేతు మిషను నడిపేవాడు ఒకడు, తమ్ముడిలాంటివాడు, నాకంటే పదేళ్లు చిన్న, తీరిక చేసుకుని కొత్తది తీసిచ్చాడు. రంగు మీద చెయ్యి వెయ్యలేదు. సీటు చిరుగు అలాగే ఉంచాను. అన్నీ ఆమె చెప్పినట్టే, ఎక్కడ ఏది ఎలా ఉందో అలాగే.

చివరికి బ్రేకు తీగలు. పాతవి పురి విడిపోయి ఉన్నాయి, తీసేశాను. కొత్తవి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. పాతికేళ్ల దురద. ఇంత బాగుచేసి ఆ ఒక్కటి ఉల్టా వదిలెయ్యడం ఏమిటి అనిపించింది. కుడిచేతి తీగను ముందు చక్రానికి, ఎడమచేతి తీగను వెనక చక్రానికి బిగించాను. కొత్త రబ్బర్లు వేశాను. వేలితో నొక్కితే చాలు, చక్రం అక్కడికక్కడే ఆగిపోయింది. నా పని నాకే ముద్దొచ్చింది.

ఆమెకు చెప్పాలన్న ఆలోచన వచ్చిందా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. రాలేదు. ఆదివారం పని కదా, కార్డు లేదు, చదివి వినిపించేదీ లేదు. మన మనిషి సైకిలు మనం సరిచేశాం, అంతే అనుకున్నాను. బయటివాళ్ల బోల్టుకు సంతకం పెట్టించుకున్నవాణ్ణి, నా వాళ్లకు నోటిమాట కూడా చెప్పలేదు.

చివరి రోజు పొద్దున ఎనిమిదింటికి సైకిలు ఆమెకు ఇచ్చాను. అప్పటికే ఇరవై మంది పిల్లలు, డిపార్ట్‌మెంట్ సార్లు ఇద్దరు గుట్ట దగ్గర పోగయ్యారు. ఆమె సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, సీటు చిరుగు మీద చెయ్యి పెట్టి, "అమ్మయ్య, దీన్ని మీరు పెళ్లికూతుర్ని చెయ్యలేదు," అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. లేతు తమ్ముడు పక్కనుంచి, "మేడం, జర ఓ చక్కర్ కొట్టి చూస్తరా?" అన్నాడు. "మీ అన్న చేశాక చూసేదేముందండీ," అని ఎక్కేశారు.

గుట్ట మీదికి చిన్న గేరులో నెమ్మదిగా ఎక్కారు. ఎక్కేటప్పుడు బ్రేకు అక్కర్లేదు కదా. పైకి నడిచొచ్చిన పిల్లలకు గుట్ట కొనమీది బండ వయసు చెప్పారు, దాని మీద చెయ్యి పెట్టించారు. అంతసేపూ నేను కిందనే నిలబడి చూస్తున్నాను. తర్వాత ఆమె దిగడం మొదలుపెట్టారు. ఆ దారి ఆమెకు కంఠతా వచ్చు. మధ్యలో నిట్టనిలువుగా ఒక చోట దిగి, వెంటనే ఎడమకు తిరగాలి. అక్కడ ఎప్పుడూ వెనక బ్రేకు గట్టిగా పట్టి, వెనక చక్రాన్ని కొంచెం జార్చి తిప్పేవారు. చూడ్డానికి భలే ఉండేది. కుడిచెయ్యి ఎప్పటిలాగే గట్టిగా పట్టింది.

ముందు చక్రం ఆగిపోయింది. సైకిలు వెనక భాగం లేచింది. ఆమె హ్యాండిల్ మీదుగా ఎగిరి, భుజం ముందు పెట్టి రాళ్ల మీద పడ్డారు.

నేను పరిగెత్తి వెళ్లేసరికి కూర్చుని ఉన్నారు. కుడి మణికట్టు వంకరగా ఉంది. ముఖం తెల్లగా పాలిపోయింది. ఆ నొప్పిలో ఆమె చూస్తున్నది నన్ను కాదు, తన చేతిని.

"ఏమైందో తెలీదండీ," అన్నారు మెల్లగా. "ఎప్పుడూ పట్టే బ్రేకే పట్టాననుకున్నా. చెయ్యి మర్చిపోయినట్టుంది."

నాకు ఆ క్షణమే అర్థమైంది.  చెబుదామని నోరు తెరిచాను. చుట్టూ పిల్లలు, సార్లు, ఎవరో ఆటోను పిలుస్తున్నారు. తర్వాత చెబుదాంలే అనుకుని నోరు మూసుకున్నాను.

మణికట్టు విరిగింది, భుజం ఎముక చీలింది. ఆమె దగ్గర చదివే పిల్లల్లో ఇద్దరు తోడుగా ఆసుపత్రిలో ఉండిపోయారు. మధ్యాహ్నం వీడ్కోలు సభ ఆమె లేకుండానే జరిగింది. ఆమె కుర్చీకి శాలువా కప్పి, ఫొటో తీసి, దాన్ని ఆసుపత్రికి పంపించారు. సభలో ఒక సారు, "ఈ వయసులో సైకిలేంటని నేను మొదట్నుంచీ చెప్తున్నా," అన్నాడు. చాలామంది తలలూపారు. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను.

సైకిలును వర్క్‌షాపుకు తెచ్చి పెట్టారు. లేతు తమ్ముడు వచ్చి కుడి బ్రేకు నొక్కి చూశాడు. ఎడమది నొక్కి చూశాడు. వాడు పనిమంతుడు, నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"బ్రేకులు మార్చినవా అన్నా?"

"మార్చిన."

"మేడంకు చెప్పినవా?"

ముందు చక్రం వంకర చూస్తున్నట్టు వంగాను.

"ఇప్పుడైతే చెప్పకు. పెద్ద మేడం, అందరు చూసిన్రు. నీకింక మూడేండ్ల సర్వీసున్నది. కంప్లయింట్ ఇస్తే పెన్షన్ కాడికి పోతది ముచ్చట. ఎట్లున్నదో అట్ల కట్టెయ్."

వాడు నా మంచికే చెప్పాడు, ఆ పాపం వాడి మీద వెయ్యను. పానా తీసుకుంది నేను. ఆ మధ్యాహ్నమే రెండు తీగలూ విప్పి, మళ్లీ ఎప్పటిలా ఉల్టా బిగించాను. ముందు చక్రం వంకర తీశాను. నాలుగు రోజుల తర్వాత సైకిలును తార్నాకలో ఆమె ఫ్లాట్ కింద పార్కింగులో పెట్టి వచ్చాను. ఇరవై అయిదేళ్లలో ఆ సైకిలు మీద నేను అంత వేగంగా, అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ పని చెయ్యలేదు.

కట్టు విప్పాక ఆమె మళ్లీ సైకిలెక్కలేదు. మొదట్లో ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాణ్ణి. "ఈ వారం వద్దులెండి గురువుగారూ," అనేవారు. తర్వాత ఆమె అడగకముందే నేను ఏదో పని చెప్పుకునేవాణ్ణి. కొన్నాళ్లకు కారు కూడా అమ్మేశారని తెలిసింది. మెట్రో దగ్గర ఒకసారి కనబడ్డారు. రోడ్డు దాటడానికి అక్కడి పూలమ్మే ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. గుట్టలు దూకిన మనిషి. నేను పలకరించకుండా స్తంభం వెనక్కి తప్పుకున్నాను. ముఖం చెల్లలేదు.

మేడ మీద సైకిళ్లు అలాగే ఉన్నాయి. ఆదివారం పొద్దున ఒకటి తీసి క్యాంపస్ వెనక్కి వెళ్తాను. ముందు ఎవరూ ఉండరు. దారి నాకు తెలిసిందే అయినా ఎటు తిరగాలో ఒక్కోసారి తోచదు. ఆ అరగంట నిశ్శబ్దం ఇప్పుడూ ఉంది గానీ, అప్పట్లా కడుపు నింపదు. ఈ మాట రాయడానికి సిగ్గుపడటం లేదు. ఆమె కావాలి నాకు, ముందు వెళ్తూ, వెనక్కి తిరిగి చూడకుండా, "ఎడమవైపు ఇసక, గురువుగారూ!" అని అరుస్తూ.

పోయిన వానాకాలంలో ఆమె ఫోన్ చేశారు.

"ఫ్లాట్ వాళ్లు పార్కింగు ఖాళీ చెయ్యమంటున్నారండీ. నా సైకిలు మీరు తీసుకెళ్లండి. మీ పదకొండిట్లో కలిస్తే డజను అవుతుంది."

ఆ నేరేడు రంగు సైకిలు మీద నాకు మొదటి రోజు నుంచి ఆశ ఉంది. మా సేకరణలో అలాంటిది ఇంకొకటి లేదు. ఫోన్ పెట్టేశాక నాకు సంతోషం కలిగిన మాట నిజం. ఆ సంతోషం చూసుకుని నా మీద నాకే అసహ్యం వేసింది. తప్పు చేసిందీ నేనే, దాచిందీ నేనే, చివరికి సైకిలు వచ్చేదీ నాకేనా?

మూడో అంతస్తుకు వెళ్లేసరికి ఆమె చేతికర్రతో తలుపు తీశారు. తుంటి నొప్పి ఎక్కువైందట. కాఫీ ఇచ్చారు. చెయ్యి వణికి కొంచెం సాసరులో ఒలికితే, "చూశారా, ఆ రోజుతో మొదలైంది," అని నవ్వారు.

కాఫీ తాగలేదు. కప్పు కింద పెట్టి, చెప్పేశాను. నిలబడే చెప్పాను. తీగలు మార్చింది, చెప్పనిది, ఆమె పడింది, మళ్లీ విప్పి బిగించింది, అన్నీ.

ఆమె కర్ర పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నారు. కింద తార్నాక చౌరస్తాలో బస్సుల హారన్లు వినబడుతున్నాయి.

"మళ్లీ ఎప్పుడు మార్చారన్నారు?"

"ఆ రోజే మేడం. పగటీలి, మధ్యాహ్నం."

"పడ్డ రోజే." ఆమె తలుపు వైపు చూశారు. "నేను చూసుకున్నానండీ. కట్టు ఉండగానే, రెండు నెలలకి, ఎవరికీ చెప్పకుండా కిందకి దిగాను. బ్రేకులో ఏమన్నా తేడా ఉందేమోనని అనుమానం. ఎడం చేత్తో సీటు పట్టుకుని సైకిలు ముందుకి తోసి, విరిగిన చేతి వేళ్లతోనే కుడి బ్రేకు నొక్కాను. వెనక చక్రమే ఆగింది. ఎప్పటిలాగే. బ్రేకు బాగుంది కాబట్టి పాడైంది నేనే అని ఆ రోజే తేల్చుకున్నా. డాక్టరు కూడా అదే అన్నాడు, వయసొస్తే చేతులు చెప్పిన మాట వినవని. ఆ చేత్తో కారు నడిపి ఎవరినన్నా గుద్దేస్తానేమోనని అమ్మేశా."

"మేడం, మీ చెయ్యి ఏ తప్పు చెయ్యలే. అది సరిగ్గనే పట్టింది. తప్పు నాది."

ఆమె తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఎవరో పోగొట్టుకున్న వస్తువును తెచ్చిచ్చినట్టు చూశారు దాన్ని. కోపం వస్తుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. ఆమె బల్ల సొరుగులోంచి నోటుబుక్కు తీసి, పేజీలు తిప్పి, మూసేశారు.

"నలభై మూడులో ఇప్పుడు ఆరో ఏడో మిగిలాయట. నా స్టూడెంట్లు చెప్తుంటారు. వాటి దగ్గరకి కూడా ఈ తుంటితో నేను వెళ్లలేను."

"మీరు పేర్లు చెప్పున్రి, నేను పోయి కొలతలు తెస్త మేడం. ఫొటోలు తీస్త."

"తెస్తారు, నాకు తెలుసు." ఆమె కర్ర పట్టుకుని లేచారు. "సైకిలు మాత్రం తీసుకెళ్లకండి. పార్కింగులో వద్దంటే పైకి తెప్పించుకుంటా. ఈ గదిలో పెట్టుకుంటా."

గుమ్మం దాకా వచ్చారు. నేను చెప్పులు వేసుకుంటుంటే తలుపు పట్టుకుని నిలబడి, ఇరవై అయిదేళ్లూ నన్ను పిలిచిన గొంతుతోనే, కొంచెం కూడా పెంచకుండా అన్నారు.

"ఒక్క మాట చెప్పి ఉంటే గురువుగారూ, కట్టు విప్పిన మర్నాడే మళ్లీ ఎక్కేదాన్ని."